నీళ్లు వేసిన వరస

శ్రావణంలో మూడు రోజులు
సిరొంచ వాచనాలయంలో ప్రాణహిత కూర్చుని చదువుకుంది.
నాలుగో నాడు తలుపు తోస్తే రాలేదు.
లోపల పుస్తకాలు ఉబ్బి
తమకు తామే గడియ పెట్టుకున్నాయి.

ముప్పై ఏళ్లు నేను కాపాడిన వరస అది.
పై అరలో తత్త్వం, నడుమ లెక్కలు,
అడుగున సేద్యం, వంటలు, కుట్టుపని.
తత్త్వం పైనే ఉండాలని ఎవరన్నారు?
చంద్రపూర్ శిక్షణలో జోగళేకర్ మాస్టారు.
ఆయనకు ఇంకెవరో.

సుద్దముక్కతో గీసి చెప్పేవాడు:
యవనదేశంలో ఒకాయన తెలివిని మూడు కుప్పలు పోశాడట,
ఊరికే తెలుసుకోడానికి, సరిగా నడుచుకోడానికి,
ఏదైనా చేసి పెట్టడానికి.
చుక్కలు మొదటి కుప్పలో. కుండ మూడో దాంట్లో.
ఇంగ్లీషు దొర ఒకడు మనసునే మూడు గదులు చేశాడు,
జ్ఞాపకానికి చరిత్ర, ఊహకు కవిత్వం,
తర్కానికి మిగిలిన ఇల్లంతా.
ఫ్రెంచివాడు నిచ్చెన వేశాడు,
కింది మెట్టు గణితం, పై మెట్టు మనుషులు.
మనవాళ్లేమన్నా తక్కువ తిన్నారా?
పరా ఒకటి, అపరా ఒకటి,
విద్యలు పద్నాలుగు, కళలు అరవై నాలుగు,
చోరకళకూ అందులో పీట వేశారని
మాస్టారు దగ్గొచ్చేదాకా నవ్వేవాడు.
రాసుకున్నాను. పాసయ్యాను.

నదికి ఇవేవీ అక్కర్లేదు.
బరువైనది అడుక్కి, తేలికది పైకి.
న్యాయశాస్త్రం బురదలో బోర్లా పడుంది.
పిల్లల కథలు దూలం ఎక్కి కూర్చున్నాయి.
ఖగోళంలో ఒక జెల్ల చచ్చిపోయి ఉంది.
జ్యామితి అట్ట పెళ్లిపాటలకు అతుక్కుంది,
విడదీయబోతే
రెండూ చిరిగాయి.

ఆరబెట్టడానికి దుర్గం పోశక్కను పిలిచాను,
పడవ కుర్మయ్య పెండ్లాం, రోజుకు మూడొందలు.
అక్షరం రాదు.
పొద్దెక్కేలోగా వరండా నిండా తన వరస పరిచింది.
"ఇవి ఎండకు ఆగుతయ్. ఇవి నీడకే ఆరాలె.
ఇవి ముట్టకు సారూ, పిండయితయ్.
ఇగ ఇవా... ఇవి నాకెర్కలేదు."

ఆ నాలుగో కుప్ప వంగి చూశాను.
సగం వేదాంతం, రెండు వైద్యాలు,
ఒక రైల్వే టైంటేబుల్.
మా ఊరికి రైలే లేదు.
నాకెర్కలేదు అని ఒక కుప్ప
మాస్టారి నల్లబల్ల మీద ఎవరూ పోయలేదు.

నిజానికి వరదకు ముందు రోజే చెప్పింది పోశక్క,
నీళ్ల వాసన మారింది, చీమలు గుడ్లు మోస్తున్నయ్ అని.
నిరుడూ అదే చెప్పింది. చినుకు రాల్లేదు.
అందుకే పుస్తకాలు పైకి జరపలేదు నేను.
ఆ ఎరుక ఏ అర?
జ్ఞాపకమా, ఊహా,
లేక సగం సార్లు తప్పేవాటికని ఒక అర కొట్టించాలా?
అప్పుడు వాతావరణ శాఖ కాగితాలూ అక్కడికే.
నా తీర్మానాలూ.

సాయంత్రం ఒడ్డుకు పోతే
ప్రాణహిత ఒక రంగు, గోదారి ఒక రంగు,
మాటల్లేని తోటికోడళ్లలా కొంతదూరం పక్కపక్కనే.
ఇది ఎక్కడిదాకా, అది ఎక్కడ్నించి అంటే
కుర్మయ్య గెడతో చూపించాడు.
"ఇయ్యాల ఇక్కడ. రేపటిది రేపు అడుగు."
ఇటు ఒక రాష్ట్రం, అటు ఒక రాష్ట్రం అని
సర్వే వాళ్లు పాతిన రాయి కనబడలేదు.
ఏ రాష్ట్రంలో కూరుకుపోయిందో.

గడ్చిరోలి నించి మరాఠీ ఫారం వచ్చింది,
ఏ విషయంలో ఎన్ని నష్టం, తొమ్మిది గళ్లు.
తొమ్మిదీ నింపాను.
జ్యామితిని పెళ్లిపాటల్తో కలిపి ఒకటిగానే లెక్కేశాను.
ఎవరూ అడగరు.

కూలి డబ్బులు అయిపోయి వారమైంది.
టైంటేబుల్ ఇంకా తడిగానే ఉంది, కిటికీలో.
చేపల గంప దించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని,
పోశక్క రోజూ వచ్చి
ఒక్క పేజీ తిప్పి పోతుంది.